బడి వెలుపలి చదువు: ఓరుగల్లు ప్రాంత పఠన చరిత్ర – సెలవుల పఠనం

ఉపోద్ఘాతం

వేసవి సెలవులకు ముందురోజు ఉపాధ్యాయుడు విద్యార్థులకు చెప్పే మాటల్లో ‘సెలవుల్లో మంచి పుస్తకాలు చదవండి’ అన్నది తప్పక ఉంటుంది. ఏ పుస్తకం చదవాలి, అది ఎక్కడ దొరుకుతుంది, చదివినదాన్ని ఎవరితో చెప్పుకోవాలి అన్న ప్రశ్నలకు ఆ మాటలో సమాధానం ఉండదు. తెలంగాణలో ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండవ వారం వరకు, ఇంచుమించు నెలన్నర పాటు, బడులు మూతపడతాయి. బడితోపాటు బడి గ్రంథాలయానికి కూడా తాళం పడుతుంది. చదవమని చెప్పిన కాలంలోనే పుస్తకం విద్యార్థికి దూరం కావడం ఈ ఏర్పాటులోని వైరుధ్యం.

ఈ వైరుధ్యాన్ని చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు తీసుకొన్న ప్రాంతం పూర్వపు వరంగల్లు జిల్లా. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో జనగామ, మహబూబాబాద్ జిల్లాలు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని అధిక భాగం దీని నుంచే ఏర్పడ్డాయి. ఈ ప్రాంతంలో ఆధునిక తెలుగు పఠనం బడి గంటల్లో కంటే బడి వెలుపలి వేళల్లోనే ఎక్కువగా పెంపొందిందనీ, ఆ పెంపుకు ఉపదేశం కంటే ఏర్పాటే ముఖ్య కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అనధ్యయనం – స్వాధ్యాయం

సెలవు అన్న భావన మన విద్యా సంప్రదాయానికి కొత్తది కాదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య తిథులను అనధ్యయన దినాలుగా పాటించేవారు. పాడ్యమినాడు చదివేవాని విద్య క్షీణిస్తుందన్న నమ్మకం ఎంత ప్రసిద్ధమంటే, వాల్మీకి సుందరకాండలో కృశించిన సీతను వర్ణించడానికి దాన్ని ఉపమానంగా గ్రహించాడు. అయితే ఆ నియమానికి ఒక హద్దు ఉంది. వేదాంగాలకూ నిత్య స్వాధ్యాయానికీ అనధ్యయన నియమం వర్తించదని మనుస్మృతి రెండవ అధ్యాయం చెబుతుంది. అంటే గురువు పాఠం ఆగే రోజున సైతం శిష్యుని సొంత చదువు ఆగనవసరం లేదు. పాఠానికీ పఠనానికీ మధ్య ఉన్న భేదాన్ని ఆ కాలం గుర్తించిందనడానికి ఇది ఆధారం.

ఆ చదువు కొన్ని వర్ణాలకే పరిమితమన్నది నిజం. మిగిలిన సమాజానికి గ్రంథం చేరిన మార్గం పురాణ శ్రవణం. పాలకుర్తి సోమనాథుని పాలకుర్తి, పోతన స్వగ్రామంగా ఈ ప్రాంతం గౌరవించే బమ్మెర నేడు జనగామ జిల్లాలోనే ఉన్నాయి. పోతన తన ఆశ్వాసాంత గద్యల్లో సహజ పాండిత్యం గలవాడినని చెప్పుకొన్నాడు. పాఠశాల ప్రమేయం లేని పాండిత్యానికి గౌరవం ఇచ్చిన ఈ మాట ఈ ప్రాంతపు పఠన చరిత్రకు తగిన ప్రారంభం. అక్షరం రానివారు కూడా భాగవత పద్యాలను నోటికి నేర్చుకొన్నది గుడి మండపాల్లో, పని ముగిసిన రాత్రివేళల్లో జరిగిన పురాణ పఠనాల వల్లనే.

బడి భాష – ఇంటి భాష

నిజాం పాలనలో పరిస్థితి మరొక రూపం దాల్చింది. పందొమ్మిదవ శతాబ్ది చివర పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను ఉన్నత విద్యకు బోధన భాషగా చేసింది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య అందించడం గొప్ప ప్రయోగమే. కానీ తెలుగు ఇంటి భాషగా గల విద్యార్థికి మాధ్యమిక స్థాయి నుంచే చదువు పరభాషలో సాగింది. ప్రైవేటు పాఠశాలలకు ముందస్తు అనుమతి తప్పనిసరి కావడంతో 1920ల మధ్య నుంచి తెలుగు నేర్పే చిన్న బడులు నడపడం మరింత కష్టమైంది.

ఫలితంగా తెలుగు చదవాలనుకొన్న విద్యార్థికి బడి ముగిసిన సాయంత్రాలు, సెలవు దినాలు మిగిలాయి. నేటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరుకు చెందిన దాశరథి సోదరుల జీవితాలు ఇందుకు మంచి ఉదాహరణ. కృష్ణమాచార్య (1925–1987) బడిలో ఉర్దూ చదివాడు. సంస్కృతాంధ్రాలు పండితుడైన తండ్రి నీడలో ఇంట అలవడ్డాయి. ఈ రెండు చదువులూ కలిసినందువల్లనే 1961లో ‘గాలిబ్ గీతాలు’ తెలుగుకు దక్కాయి. తమ్ముడు రంగాచార్య (1928–2015) ఒకవైపు ‘చిల్లర దేవుళ్లు’ వంటి నవలలు రచించి, మరొకవైపు నాలుగు వేదాలను తెలుగులోకి తెచ్చాడు. వీరి సాహిత్య వ్యక్తిత్వంలో సగం బడిది, సగం ఇంటిది.

గ్రంథాలయం: బడి వెలుపలి బడి

ఇంట్లో పండితుడు లేని విద్యార్థి సంగతి ఏమిటి? గ్రంథాలయోద్యమం సమాధానం చెప్పింది ఈ ప్రశ్నకే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. వరంగల్లులో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వెలసింది. ఈ సంస్థలు తమను ‘పుస్తక భాండాగారం’ అని పిలుచుకోలేదు, ‘భాషానిలయం’ అనుకొన్నాయి. బడిలో చోటు దొరకని భాషకు ఊళ్లో ఒక ఇల్లు కట్టడమన్న భావం ఆ పేరులోనే ఉంది. నన్నయను పోషించిన రాజు, పెద్దనను పోషించిన రాజు, నన్నయకు ఆరోపితమైన బిరుదు ఆ ఇళ్లకు పేర్లయ్యాయి.

1906లో హైదరాబాదులో ప్రారంభమైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, జీవితచరిత్ర, విజ్ఞాన శాస్త్ర గ్రంథాలను తెలుగులో అందించి, ఈ నిలయాల్లో చదవడానికి పాఠ్యేతర వాఙ్మయాన్ని సమకూర్చింది. 1921 నవంబరులో ఏర్పడిన ఆంధ్రజన సంఘం తన ఆశయాల్లో గ్రంథాలయ, పఠనాలయ స్థాపననూ, విద్యార్థులకు సాయపడటాన్నీ చేర్చింది. సభలకు ముందస్తు అనుమతి కోరిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న కాలంలో పఠనాలయం నలుగురు కూడే చోటుగా కూడా ఉపయోగపడింది. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో నైజాం రాష్ట్ర గ్రంథాలయ మహాసభలు జరిగాయి. మధిర ఆనాడు వరంగల్లు జిల్లాలోని ఊరే.

ఇనుగుర్తి ఉదాహరణ

నగరాల్లో గ్రంథాలయం ఏర్పడటం ఒక ఎత్తు. ఒక పల్లె తానే ప్రచురణ కేంద్రం కావడం మరొక ఎత్తు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తిలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు (1887–1956), రాఘవరంగారావు (1894–1973) సోదరులు ఈ పని చేశారు. ఆధునిక కళాశాల విద్య లేకుండానే స్వయంకృషితో అనేక భాషలు నేర్చారు. విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాలను నెలకొల్పారు. ఊళ్లోనే అచ్చు యంత్రం పెట్టి, 1922లో ‘తెనుగు పత్రిక’ను వెలువరించారు. అదే ఏడాది నల్లగొండ నుంచి షబ్నవీసు వేంకట రామనరసింహారావు ‘నీలగిరి’ పత్రిక వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన ‘గోలకొండ పత్రిక’ రావడానికి (1926) నాలుగేళ్ల ముందే తెలంగాణ పల్లె ఒకటి తన పాఠకులకు తానే పత్రిక నడిపిందన్నమాట.

ఒద్దిరాజు సోదరులు తాము చదవడంతో తృప్తిపడలేదు. చదివినదాన్ని రాశారు, రాసినదాన్ని అచ్చువేశారు, అచ్చయినదాన్ని ఊళ్లకు పంపారు. శ్రీహర్షుని నైషధం విద్యకు అధీతి, బోధ, ఆచరణ, ప్రచారణ అని నాలుగు దశలు చెప్పింది. నేడు ‘లోతైన పఠనం’ అంటున్నది ఈ నాలుగింటిలో మొదటి దశ దాటి రెండవ దశకు వెళ్లడాన్నే. ఇనుగుర్తిలో ఆ నాలుగు దశలూ ఒకే ఇంట కనిపిస్తాయి.

పుస్తకం పాఠకుని వెతికిన కాలం

ఒద్దిరాజు, దాశరథి సోదరుల ఇళ్లలో అక్షరం ముందే ఉంది. అందుచేత వారి ఉదాహరణ నుంచి అందరికీ వర్తించే సూత్రం తీయడం సరికాదు. నల్లగొండ జిల్లాకు చెందిన వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) జీవితం రెండవ మార్గాన్ని చూపుతుంది. పేదరికంలో పుట్టిన ఆళ్వారుస్వామి ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ చదువు నేర్చాడు. హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాల సంచితో ఊరూరా తిరిగి అమ్మాడు. పుస్తకం ఉన్నచోటికి పాఠకుడు రావాలన్నది గ్రంథాలయ సూత్రమైతే, పాఠకుడు ఉన్నచోటికి పుస్తకం పోవాలన్నది ఆళ్వారుస్వామి సూత్రం. తనకు చదువు ఎలా వచ్చిందో మరచిపోని మనిషి మాత్రమే చేయగల పని అది.

1943లో ఏర్పడిన నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు మూడవ మార్గం చూపింది. బడితో నిమిత్తం లేకుండా తెలుగు చదివినవారికి పరీక్షలు పెట్టి, వ్యక్తిగత పఠనానికి ఒక క్రమాన్నీ గుర్తింపునూ కల్పించింది. 1944లో ఓరుగల్లులో జరిగిన పరిషత్తు సభల పందిరికి నిప్పు పెట్టినా సభలు ఆగలేదు. కాళోజీ, దాశరథి వంటివారి స్మృతుల్లో ఆ సభలు నిలిచిపోవడానికి కారణం కవిత్వం మాత్రమే కాదు. భాషను చదువుకోవడం హక్కు అన్న భావానికి అక్కడ పరీక్ష ఎదురై నెగ్గింది.

నేటి సెలవులు – భూపాలపల్లి సందర్భం

స్వాతంత్ర్యానంతరం 1955 నాటి హైదరాబాదు పౌర గ్రంథాలయాల చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గ్రంథాలయాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేశాయి. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్న ప్రతి కుటుంబమూ ఈ సంస్థలకు పోషకురాలే. బడి భాషగా తెలుగు వచ్చింది; ఇప్పుడు ఆంగ్ల మాధ్యమం విస్తరించడంతో తెలుగు పఠనం మళ్లీ బడి వెలుపలి వేళలకు జరుగుతోంది. కారణాలు వేరైనా, 1920ల విద్యార్థి స్థితికీ నేటి విద్యార్థి స్థితికీ పోలిక కనిపించక మానదు.

భూపాలపల్లి జిల్లాలో ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరు విద్యుత్కేంద్రం ఉద్యోగుల నివాసాలు. మరొకవైపు గోదావరి తీరపు అటవీ గ్రామాలు. ఉద్యోగి ఇంటి పిల్లలకు సెలవుల్లో పుస్తకమో దినపత్రికో అందుతుంది. ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికి వెళ్లే కోయ విద్యార్థికి సెలవు అంటే పుస్తకాల నుంచి వీడ్కోలు. పైగా ఏప్రిల్, మే నెలలు తునికాకు సేకరణ కాలం. తెల్లవారుజామున పెద్దలతో అడవికి వెళ్లి, మధ్యాహ్నం ఆకు కట్టలు కట్టే పిల్లలకు సెలవు విశ్రాంతి కాదు. ఆడపిల్లలకు ఇంటి పని అదనం. ‘సెలవుల్లో ఖాళీగా ఉంటారు కదా, చదవండి’ అన్న ఉపదేశం ఈ పిల్లల జీవితాన్ని ఎరగనిది. అక్షరం ఇంట లేని ఈ తొలితరం విద్యార్థి దాశరథికి కాక ఆళ్వారుస్వామికి దగ్గరివాడు.

ఇతర దేశాల పరిశోధనలు ఈ పరిశీలనను బలపరుస్తున్నాయి. అమెరికాలోని అట్లాంటా విద్యార్థులపై బార్బరా హెయిన్స్ 1978లో వెలువరించిన అధ్యయనం వేసవిలో చదివే అలవాటుకూ భాషా వికాసానికీ గల సంబంధాన్ని చూపి, ఇంటికీ గ్రంథాలయానికీ మధ్య దూరం ఆ అలవాటును ప్రభావితం చేస్తుందని గుర్తించింది. రిచర్డ్ ఆలింగ్టన్ బృందం ఫ్లోరిడాలో పేద కుటుంబాల పిల్లలకు వరుసగా మూడు వేసవుల్లో, ఏటా 12 పుస్తకాలను వారు ఎంచుకొన్నవే ఇచ్చింది. వారి పఠన సామర్థ్యం మెరుగుపడినట్లు 2010లో ప్రకటించింది. ఆళ్వారుస్వామి సంచి చేసిన పనిని ఈ పరిశోధన కొలతలతో నిరూపించిందనవచ్చు.

చరిత్ర సూచించే ఏర్పాట్లు

పై చరిత్ర నుంచి మూడు ఏర్పాట్లు తేలుతున్నాయి. మొదటిది పుస్తకం అందుబాటు. బడి మూసే ముందు గ్రంథాలయంలోని పుస్తకాలను విద్యార్థులకే ఎంచుకోనిచ్చి ఇంటికి పంపాలి. కొన్ని పుస్తకాలు చిరుగుతాయి, కొన్ని తిరిగి రావు. తాళం కింద చెదలు పట్టే పుస్తకం కంటే చదివి చిరిగిన పుస్తకం మేలు. లెక్క చెప్పవలసిన ఉపాధ్యాయునికి ఆ నష్టం వ్యక్తిగత భారం కాకుండా చూసే బాధ్యత అధికారులది.

రెండవది తోడు. దాశరథికి తండ్రి, ఆళ్వారుస్వామికి ఉపాధ్యాయుని ఇల్లు తోడయ్యాయి. సెలవుల్లో ఊళ్లకు వెళ్లే మన తెలుగు శాఖల విద్యార్థులు ఆ పాత్ర వహించగలరు. పదచ్ఛేదం, అన్వయం, తాత్పర్యం, విశేషం అన్న మన వ్యాఖ్యాన క్రమం లోతుగా చదవడానికి సిద్ధంగా ఉన్న పద్ధతి. ఒక కథను నలుగురు పిల్లలతో ఈ క్రమంలో సాయంత్రం పూట చదివితే, పది పుస్తకాలు తిరగేసినదానికంటే ఎక్కువ నిలుస్తుంది. అటవీ గ్రామాల్లో పిల్లల ఇంటి భాషలో చెప్పిన కథను తెలుగులో రాయించడం కూడా పఠనంలో భాగమే.

మూడవది గుర్తింపు. సారస్వత పరిషత్తు పరీక్ష ద్వారా చేసినదాన్ని నేడు పరీక్ష లేకుండానే చేయవచ్చు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో, చదివినదాన్ని తోటివారికి చెప్పే అవకాశం ప్రతి విద్యార్థికీ ఉండాలి. మార్కులు వద్దు, వినేవారు కావాలి.

ముగింపు

ఓరుగల్లు ప్రాంతంలో తెలుగు పఠనం బడి దయతో బతకలేదు. పురాణ శ్రవణం, భాషానిలయం, పల్లె పత్రిక, భుజాన పుస్తకాల సంచి దాన్ని బతికించాయి. వీటన్నిటిలోనూ సమానంగా కనిపించేది ఒక్కటే: చదవమని చెప్పినవారు పుస్తకం కూడా తెచ్చి ఇచ్చారు. సెలవుల పఠనాన్ని ప్రోత్సహించదలచిన ఉపాధ్యాయులకు, పరిశోధకులకు ఈ చరిత్ర ఒక బాధ్యతను అప్పగిస్తోంది. తునికాకు కట్టలు కట్టి అలసిన పిల్ల సాయంత్రం గుడిసె ముందు కూర్చున్న వేళ ఆమె చేతికి అందే దూరంలో ఒక తెలుగు పుస్తకం ఉంటుందా లేదా అన్నదే మన ప్రోత్సాహానికి కొలమానం.