ఎముక కోసే చెయ్యి ఎవరిది?

మా ఆవిడ మోకాలి ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు రోబో ఫొటో చూపించారు. పొడుగాటి చెయ్యి, కీలుకీలుకీ మోటారు. ఘాజియాబాద్ భారత్ ఎలక్ట్రానిక్స్‌లో రాడార్ తిప్పే సర్వో మోటార్లతోనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే నోరు ఊరుకోక, "దీని పేటెంటు ఎవరిదండీ?" అనడిగాను. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఇలాంటి చేతికి ముందు దొరికినవి కుక్కలు. హోవర్డ్ పాల్ అనే పశువైద్యుడూ, విలియం బార్గర్ అనే ఎముకల డాక్టరూ ఐబీఎం వాళ్లతో కలిసి రోబోడాక్ తయారుచేశారు. తుంటి కీలు మార్చేటప్పుడు తొడ ఎముకను చేత్తో తొలిస్తే తొడిగిన కీలు చుట్టూ సందులు మిగిలేవి. మర తొలిస్తే బిగుతుగా కూర్చుంటుందని వాళ్ల ఆశ. 1992 నవంబరులో అమెరికాలోని శాక్రమెంటోలో దానితో మొదటిసారి మనిషి తుంటి ఆపరేషన్ చేశారు. అమెరికా అనుమతి మాత్రం 2008లో గానీ రాలేదు. ఆలోగా దాన్ని తయారుచేసే కంపెనీ మూతపడింది, యంత్రం పరుల పాలైంది.

ఇక పేటెంట్ల సంగతికొస్తే, పొట్ట ఆపరేషన్ల రోబోలవాళ్లు కంప్యూటర్ మోషన్, ఇంట్యూటివ్ 2000 నుంచి పేటెంట్ల మీద కోర్టుకెక్కి, 2003లో ఒకటైపోయారు. గట్టు తగాదా వియ్యంతో తేలినట్టు! ఎముకల రోబోలవాళ్లు చాలాచోట్ల నేరుగా వియ్యానికే వెళ్లారు. 2013లో స్ట్రైకర్ 165 కోట్ల డాలర్లకు మాకో అనే రోబోల కంపెనీని కొనేసింది. అలాంటివే బ్లూ బెల్ట్ స్మిత్ అండ్ నెఫ్యూకు, ఫ్రాన్స్ మెడ్‌టెక్ జిమ్మర్‌కు వెళ్లాయి. కొన్నవాళ్లంతా కృత్రిమ కీళ్లు అమ్మేవాళ్లే. మాకో చెయ్యి స్ట్రైకర్ కీళ్లకే పనిచేస్తుంది. అసలు బేరం అక్కడుందని నా అనుమానం.

ఇలా చేతులు, పేర్లు మారడం మాకూ కొత్త కాదు. ఘాజియాబాద్ వైశాలిలో పుష్పాంజలి ఆస్పత్రి 2015లో మాక్స్ చేతికి వెళ్లింది. ఆటోవాళ్లకు నేనిప్పటికీ పుష్పాంజలి అనే చెబుతాను.

ఇక మన దేశం సంగతి: పేటెంటు చట్టం మూడో సెక్షన్ ప్రకారం శస్త్రచికిత్స పద్ధతికి పేటెంటు లేదు, యంత్రానికి ఉంటుంది. 2017లో ప్రభుత్వం కోబాల్ట్ క్రోమియం మోకాలి ధరను జీఎస్టీ కాక 54,720 రూపాయలకు కట్టడి చేసింది. ఆ కట్టడి కీలుకే, రోబోకు కాదు. సంతకం పెట్టేముందు రెండే అడగండి: ఈ రోబో ఏ కంపెనీ కీళ్లు తొడుగుతుంది, దాని రుసుము బిల్లులో విడిగా ఎంత?