కాగితమే సాక్షి: కాంట్రాక్టు, బీమా వ్యాజ్యాల్లో న్యాయవాద వృత్తి

విడపనకల్లు: సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించని అనంతపురం జిల్లాలో కాలువ పనులైనా, మెట్ట పంటలైనా ఒప్పందాల మీదనే ఆధారపడతాయి. పనిచేసే కాంట్రాక్టరు ప్రభుత్వంతో అగ్రిమెంటు చేసుకుంటారు. వేరుశనగ, పప్పుశనగ వేసిన రైతు పంటకు బీమా చేయిస్తారు. బిల్లు ఆగినా, బీమా క్లెయిము తిరస్కరణకు గురైనా ఇద్దరూ చివరకు చేరేది న్యాయవాది వద్దకే. పోరాటం డబ్బు కోసమే అయినా గెలుపోటములను తేల్చేది కాగితం, గడువు.

ఒకే చట్టం కిందకు రెండూ

నిర్మాణ కాంట్రాక్టులు, బీమా వేర్వేరు రంగాలుగా కనిపించినా, 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం రెండింటినీ వాణిజ్య వివాదాల జాబితాలో చేర్చింది. కోటి రూపాయలుగా ఉన్న కనీస విలువను 2018లో 3 లక్షలకు తగ్గించారు. అత్యవసర ఉత్తర్వులు కోరని పక్షంలో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ప్రతివాది 120 రోజుల్లోగా జవాబు దాఖలు చేయకుంటే ఆ హక్కు కోల్పోతారు.

గుత్తి బిడ్డ తీర్పు

కాంట్రాక్టు వివాదాల చరిత్రలో ఈ జిల్లాకూ స్థానముంది. 1922లో గుత్తిలో జన్మించిన జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి న్యాయవాదిగా జీవితం ప్రారంభించి 1978 నుంచి 1987 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. ఒడిశా నీటిపారుదల పనులకు సంబంధించిన అభదుత జెనా కేసులో ఆయన 1987లో ఇచ్చిన తీర్పు కాంట్రాక్టర్లకు ప్రతికూలంగా పరిణమించింది. కోర్టు ప్రమేయం లేకుండా నియమితుడైన ఆర్బిట్రేటరుకు, విచారణ సాగిన కాలానికి వడ్డీ మంజూరు చేసే అధికారం లేదన్నది దాని సారాంశం.

కాంట్రాక్టరుకు ఇది చిన్న విషయం కాదు. అప్పు తెచ్చి పనిచేసినవారికి ఏళ్లు గడిచాక అసలు మాత్రమే చేతికొస్తే తెచ్చిన అప్పు వడ్డీకే అది చాలదు. 1991లో జి.సి.రాయ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఒప్పందంలో నిషేధం లేనప్పుడు ఆర్బిట్రేటరు ఆ వడ్డీ ఇవ్వవచ్చని తేల్చింది. వివాదం ఆర్బిట్రేషనుకు వెళ్లక ముందు కాలానికీ వడ్డీ ఇవ్వవచ్చని 2001లో బుధరాజ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఈలోగా వచ్చిన 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో వడ్డీ అధికారాన్ని పొందుపరిచింది. అయితే వడ్డీ ఉండదని అగ్రిమెంటులో రాసి ఉంటే ఆ మాటే చెల్లుతుంది. సంతకానికి ముందే న్యాయవాదికి చూపాలనడం ఇందుకే.

ఎం.బుక్కే ఆయుధం

స్థలం ఎప్పుడు అప్పగించారు, డ్రాయింగులు ఎప్పుడు ఇచ్చారు, జాప్యం ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు కొలతల పుస్తకంలో, ఉత్తర ప్రత్యుత్తరాల్లో దొరకాలి. నోటిమాటపై చేసిన అదనపు పనికి బిల్లు రాబట్టడం కష్టం. చేసిన పని సొమ్ముకు మూడేళ్లలోగా దావా వేయాలి. ఆర్బిట్రేషన్ అవార్డును సవాలు చేయడానికి మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు మాత్రమే గడువు. ఒక పక్షం ఉద్యోగి ఆర్బిట్రేటరుగా కూర్చునే పద్ధతికి 2015 సవరణ అడ్డుకట్ట వేసింది.

బీమాలో తిరస్కరణ

బీమా వ్యాజ్యంలో పాలసీ షరతులు, సర్వేయరు నివేదిక, తిరస్కరణ లేఖ మూడూ ముఖ్యమే. షరతు రెండర్థాలకు తావిస్తే పాలసీదారుకు అనుకూలమైన అర్థమే తీసుకోవాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1966లో చందూమల్ జైన్ కేసులో ప్రస్తావించింది. సహేతుక కారణంతో ఆలస్యమైన నిజమైన క్లెయిమును యాంత్రికంగా తోసిపుచ్చరాదని 2017లో ఓంప్రకాశ్ కేసులో పేర్కొంది.

వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపుంటే రుసుము లేదు. బీమా అంబుడ్స్‌మన్ వద్దకు కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లవచ్చు. అక్కడ న్యాయవాదికి ప్రవేశం లేదు. ఆ దారి చాలునని కక్షిదారుకు చెప్పి పంపడమూ వృత్తిధర్మమే.

పంటల బీమా తీరు వేరు. దిగుబడి ఆధారిత పథకంలో గ్రామం లేదా మండలం యూనిట్‌గా పంటకోత ప్రయోగాల సగటును, వాతావరణ ఆధారిత పథకంలో వర్షపాతం వంటి నమోదులను లెక్కలోకి తీసుకుంటారు. కనుక తన పొలం ఎండిందన్న సాక్ష్యం ఒక్కటే చాలదు. ఆ లెక్కల ప్రతులను సమాచార హక్కు చట్టం ద్వారా తెప్పించుకోవడమే న్యాయవాది చేయవలసిన తొలి పని.

ఫీజులో వాటా కుదరదు

లా డిగ్రీ, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు, అఖిల భారత బార్ పరీక్ష ఈ వృత్తికి ప్రవేశ ద్వారాలు. ఆ తర్వాత సీనియరు వద్ద బిల్లులు, కొలతలు, సర్వే నివేదికలు చదవడం నేర్చుకోవాలి. వచ్చిన పరిహారంలో వాటా అడగడం, గెలిస్తేనే ఫీజు అని ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.

ఫీజు ఇచ్చుకోలేని రైతులకూ మార్గముంది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఉచిత న్యాయసహాయానికి అర్హులైన విపత్తు బాధితుల్లో కరవు బాధితులను పేర్కొంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, దివ్యాంగులకూ ఈ హక్కు ఉంది. పాలసీ పత్రం, ప్రీమియం రసీదు, తిరస్కరణ లేఖతో సమీప కోర్టులోని న్యాయసేవల కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.