రక్కసి ఆడదే ఎందుకైంది?

వేసవిలో మైపాడులో అక్కవాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఇంటర్ చదివే అక్క కూతురు స్నేహితులతో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతోంది. తలో పాత్రా ధరించి, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట. ఈసారి కథ నడిపేది తనే. ‘శత్రువుగా రాక్షసిని పెట్టనా, మనిషిని పెట్టనా పిన్నీ?’ అంది. రాక్షసి అయితే చంపడానికి కారణం అక్కర్లేదట. మనిషయితే ఎందుకలా చేశాడో చెప్పాల్సి వస్తుందట. 1974లో ఆట పుట్టిన నాటి నుంచీ ఉన్న తిరకాసే ఇది. పుట్టుకతోనే చెడ్డవైన జాతులుంటాయనే పద్ధతిని సవరించుకుంటామని ప్రచురణకర్తలు 2020లో గానీ అనలేదు.

నాకు మన జిల్లా సంగతే గుర్తొచ్చింది. మెట్టప్రాంతంలోని దూబగుంటలో రోసమ్మా, తోటి ఆడవాళ్ళూ సారా కొట్టు మూయించాక, 1992కల్లా ఉద్యమం జిల్లా అంతా పాకింది. అప్పుడు పత్రికల్లో శత్రువు పేరు ‘సారా రక్కసి’. ఆ ఏడాది ఈపీడబ్ల్యూలో బాలగోపాల్ రాసిన వ్యాసం శీర్షిక కూడా భూతసంహారమే (అందులో శ్లేష ఉంది లెండి). తాగొచ్చి కొట్టే మొగుడూ, కాంట్రాక్టరూ, ఎక్సైజు అధికారీ మగవాళ్ళు. నింద మోసేది మాత్రం ఒక ఆడ ఆకారం! అంతకుముందు ప్రభుత్వం తన సారా పథకానికి పెట్టుకున్న పేరు ‘వారుణి వాహిని’. వారుణి మద్యానికి దేవత. అమ్మేటప్పుడు దేవత, తరిమేటప్పుడు రక్కసి.

ఆ ఆడవాళ్ళు చేసిన పనులు చూస్తే మాత్రం వాళ్ళు ఎవరితో తలపడుతున్నారో వాళ్ళకి బాగా తెలుసనిపిస్తుంది. సారా పాకెట్లను ఊళ్ళోకి రానివ్వలేదు. నెల్లూరులో వేలంపాటలు జరగనివ్వలేదు, అవి మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. వేలంపాట రక్కసి పాడదు కదా. పాడేవాడికి పేరుంటుంది, పాడించే ప్రభుత్వానికి రాబడి ఉంటుంది. 1993లో అదే పత్రికలో వచ్చిన అన్వేషి బృందం వ్యాసం, పల్లె ఆడవాళ్ళు రాజకీయాల అర్థాన్నే మారుస్తున్నారని గుర్తించింది.

రక్కసి మాట వాళ్ళకి అక్కరకొచ్చిందనీ ఒప్పుకోవాలి. మొగుడి మీద నోరెత్తితే సంసారం గుట్టు అనేవాళ్ళే, రక్కసి మీద అనేసరికి వెంట నడిచారు. చిక్కల్లా ఏమిటంటే, రక్కసి చస్తే కథ అయిపోతుంది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. రాబడి లెక్కలు వేసేవాళ్ళు ఎక్కడికీ పోలేదు.

ఇదంతా విని అక్క కూతురు శత్రువును సారా కాంట్రాక్టరును చేసింది. ‘మరి ఇతనికి ప్రాణానికి ఎన్ని పాయింట్లు పెట్టను పిన్నీ?’ అంది.