నూనె అమ్మే చెయ్యి, నూనె రాసే చెయ్యి

ప్రతి జనవరిలో మా ఖాన్దాన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగొస్తుంది. "దునియాకి షాంపూ నేర్పింది ఒక ముసల్మాన్" అని. 2019 జనవరి 15న గూగుల్ వాళ్ళు తమ మొదటి పేజీలో ఆయన బొమ్మ పెట్టిన దగ్గర్నుంచీ ఈ ఆనవాయితీ మొదలైంది. షేక్ దీన్ ముహమ్మద్, పట్నా వాసి. మెసేజ్ కింద మాషాఅల్లాలు, సుబ్‌హానల్లాలు బారులు తీరతాయి. మొదటి ఏడాది నేనూ నలుగురికి పంపాను. ఆ తర్వాత చెయ్యి రాలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మేం అత్తరోళ్ళం. మా దాదా కడప జిల్లాలో ఉర్సులకీ తిరునాళ్ళకీ తిరిగి అత్తరు, సుర్మా, తలనూనెలు అమ్మేవారు. పెద్ద దర్గా ఉర్సు రోజుల్లో ఆయన సందూక్ పక్కన కూచోవడమే నా బాల్యంలో పెద్ద పండగ. అత్తరూ తలనూనే ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. అత్తరు కనౌజ్‌లో రాగి డేగ్‌లలో పూలని ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపి తీసేది. తలకి రాసే చమేలీ నూనె వేరు, దాన్ని ఫులేల్ అంటారు. పొట్టు తీసిన నువ్వులు ఒక వరస, పూలు ఒక వరస పరుస్తారు. వాడిన పూలు తీసేసి మళ్ళీ కొత్తవి పోస్తారు. ఇలా రోజుల తరబడి చేశాక, వాసన తాగిన ఆ నువ్వుల్ని గానుగ పట్టిస్తారు. జౌన్‌పూర్, ఘాజీపూర్‌లు దీనికి మషూర్. ఆ సరుకు చార్మినార్ దగ్గరి టోకు దుకాణాల మీదుగా మా దాదా సీసాల్లోకి చేరేది.

నూనె ఇచ్చే ముందు దాదా గిరాకీని నబ్జ్ చూసే హకీమ్‌లా ప్రశ్నలడిగేవారు. నిద్ర పడుతోందా? అరికాళ్ళు మండుతున్నాయా? నెత్తి పొట్టు రాలుతోందా? మిజాజ్ తెలియకుండా నూనె ఇవ్వకూడదని ఆయన ఉసూల్. వేడి మిజాజ్ అయితే గుమ్మడి గింజల రోగన్, పొడి మిజాజ్ అయితే రోగన్ బాదం, షాదీ ఇళ్ళకి చమేలీ. ఆడవాళ్ళు కుంకుడుకాయ మంచిదా, సీకాయ మంచిదా అనడిగితే కుంకుడు రసం మురికితో పాటు తలలోని చమురునీ లాగేస్తుంది కాబట్టి ముందు రోజు రాత్రే నూనె పట్టించండి, పొడి జుట్టుకి సీకాయే నయం అనేవారు. ఇందులో యూనానీ ఎంత, వ్యాపారం ఎంత అని ఇప్పుడు అడగొచ్చు. రెండూ ఉండేవి. కానీ నూనె అంటగట్టే ముందు మనిషి తల వైపు చూసేవారు, అది మాత్రం నిజం.

ఆ నూనె రాసే మనిషి వేరు. ప్రతి జుమా పొద్దున్నే మా ఇంటికి వచ్చేవారు. మేం పిల్లలం ఆయన్ని హజ్జామ్ మామూ అనేవాళ్ళం. పనిని ముందు పెట్టి, వరసని తర్వాత కలిపేవాళ్ళం. చిన్న చెక్క పేటీ, అందులో ఉస్తరా, నూరే రాయి, ఫట్కడీ ముక్క, దువ్వెన. గడ్డాలు గీశాక దాదాకి చంపీ. అరచేతిలో నూనె పోసుకుని, వేడెక్కేదాకా రెండు చేతులూ రుద్ది, నడినెత్తి మీద నుంచి మొదలుపెట్టి కణతలకి, అక్కణ్ణుంచి మెడ వెనక్కి దిగేవారు. చివర్లో రెండు అరచేతుల్నీ డొల్లగా జోడించి తల మీద కొడుతుంటే టప్ టప్ మని ఇల్లంతా వినపడేది. దాదా కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, అలాగే ఉండిపోయేవారు. అంత ఇత్మీనాన్ ఆయన మొహంలో నమాజు తర్వాత కూడా చూడలేదు నేను, అల్లా మాఫ్ చేయాలి.

పని అయ్యాక మామూకి వసారాలోనే చాయ్. దస్తర్‌ఖాన్ దగ్గరికి పిలుపు లేదు. అఖీఖాకి బిడ్డ తల గొరిగి ఆ వెంట్రుకలు తూకానికి పెట్టేది ఆయనే, ఖత్నా చేసేది ఆయనే, సెగ్గడ్డ కోసేది ఆయనే. అయినా ఆయన పీట మీదే, మేం తఖ్త్ మీదే. ఎందుకని ఒకసారి అడిగితే దాదా నవ్వి అన్నారు: "తేల్ బేచ్నా హమారా కామ్, మల్నా ఉనోంకా." నూనె అమ్మడం మన పని, రాయడం వాళ్ళది.

ఇప్పుడు దీన్ ముహమ్మద్ దగ్గరికి వద్దాం. ఈయన 1759లో పట్నాలో పుట్టాడు. కంపెనీ సర్కారు ఫౌజులో పనిచేసిన తండ్రి పోయాక పదకొండేళ్ళకే ఒక ఐరిష్ అఫ్సర్ వెంట ఫౌజులో చేరాడు. ఆ అఫ్సర్‌తోనే 1784లో ఐర్లండ్‌లోని కార్క్ చేరి, రెండేళ్ళకి జేన్ డేలీ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. 1794లో తన సఫర్‌నామాను అచ్చు వేయించాడు. ఒక హిందుస్తానీ ఇంగ్లీషులో రాసి అచ్చువేసిన మొదటి కితాబ్ అదే. 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ పేరుతో కూరలూ హుక్కాలూ దొరికే హోటల్ తెరిచాడు. రెండేళ్ళకే దివాలా. యాభై దాటిన వయసులో, ఇంటిల్లిపాదినీ పోషించడానికి పని కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చుకున్నాడు.

అప్పుడు 1814లో సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ చేరి, మన హజ్జామ్ మామూ చేతుల్లో ఉన్న పనినే అక్కడ మొదలుపెట్టాడు. చాంప్నా అంటే నొక్కడం, పిసకడం. చాంపో అంటే నొక్కు. కంపెనీ దొరల నోట్లో అది అప్పటికే షాంపూ అయింది, 1762 నాటికే ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. అర్థం మాత్రం మాలిష్ అనే, జుట్టు కడిగే నురగ కాదు. దీన్ ముహమ్మద్ గిరాకీలని మూలికల ఆవిరిలో కూచోబెట్టేవాడు. చుట్టూ ఫ్లానెల్ బట్టతో డేరా, ఆ డేరాకి కుట్టిన చేతులు, వాటిలోంచి చేతులు దూర్చి ఒళ్ళంతా మర్దన. కీళ్ళ నొప్పులతో వచ్చినవాళ్ళు బాగై వదిలేసి పోయిన ఊతకర్రల్ని గోడలకి వేలాడదీశాడు. 1822లో ఈ వైద్యం మీదే ఒక కితాబ్ వేశాడు. నాలుగో జార్జ్, తర్వాత నాలుగో విలియం, ఇద్దరు బాద్షాలకీ ఆయన 'షాంపూయింగ్ సర్జన్'. దర్బారు ఇచ్చిన హోదా అది.

ఆ సర్జన్ అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. ఇంగ్లండ్‌లో క్షురకులూ సర్జన్లూ 1540 నుంచి ఒకే సంఘం. 1745లో సర్జన్లు విడిపోయి ఇజ్జత్‌దారులయ్యారు. మన దగ్గరా హజ్జామ్ అనే మాట అరబీలో హిజామా నుంచి వచ్చింది, అంటే కొమ్ముపెట్టి చెడు రక్తం తీసేవాడు. మాటలో ఉన్నది వైద్యుడే. కానీ దీన్ ముహమ్మద్ తెలివైనవాడు. ఉత్త మాలిష్‌వాలాకి సర్జన్ హోదా దక్కదని తెలుసు. అందుకే తన పుట్టిన ఏడాదిని పదేళ్ళు వెనక్కి జరిపి 1749 అని చెప్పుకున్నాడు. ఆ ఖాళీలో తాను కలకత్తాలో వైద్యం నేర్చుకున్నానని ఇరికించాడు. తన వంశం బెంగాల్ నవాబులకి దగ్గరిదని అంతకు ముందే రాసుకున్నాడు. నవాబుల బంధువు ఎవడైనా పట్నాలో పరాయి మనిషి ఒళ్ళు పిసికేవాడా? ఆ పని నాయీలది, హజ్జామ్‌లది. ఏడు సముద్రాలు దాటాడు కాబట్టి ఆ పని చేస్తూనే నవాబుగానూ ఉండగలిగాడు. ఊళ్ళో ఉంటే వసారాలో చాయ్ తాగేవాడు.

వాట్సాప్ మెసేజ్ వదిలేసే ఇంకో సంగతి, ఆయన క్రైస్తవం తీసుకున్నాడు. 1851లో పోయాక బ్రైటన్‌లోని సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో పూడ్చారు. మనవడు ఫ్రెడరిక్ అక్బర్ ముహమ్మద్ లండన్ గైస్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరై, రక్తపోటు మీద మొదట పరిశోధన చేసినవాళ్ళలో ఒకడయ్యాడు. మాలిష్ నుంచి డాక్టరీకి రెండు తరాలు పట్టింది.

మా ఇంట్లో ఆ దూరం దాటనివ్వలేదు.

1998లో మా ఆపాకి ఒక రిష్తా వచ్చింది. అబ్బాయి సర్కారు ఉర్దూ స్కూల్లో ఉస్తాద్. నమాజీ. చేతిలో దినపత్రిక లేకుండా కనపడడు. హజ్జామ్ మామూకి సొంత అక్క కొడుకు. మామూ ఆ మాట మా అబ్బాతో ఒక జుమా రోజు గడ్డం గీసే ముందు చెప్పారు. ఉస్తరా ఇంకా తెరవలేదు. అబ్బా ఏమీ అనలేదు. లోపల దాదా మాత్రం దస్తర్‌ఖాన్ మీద గిన్నె దొర్లిపోయేంత గట్టిగా అరిచారు. మరుసటి జుమా నుంచి మేం బజారులో సెలూన్‌కి వెళ్ళాం.

నేనప్పుడు డిగ్రీలో తెలుగు చదువుతున్నాను. ఉర్దూ మీడియం నుంచి వచ్చి పద్యం నోటికి పట్టక తంటాలు పడుతున్నా, జాషువా 'గబ్బిలం' పాఠం రోజు క్లాసులో కళ్ళు తుడుచుకున్నవాణ్ణి. అంటరానితనం మీద వ్యాసం రాసి లెక్చరర్ మెప్పు పొందినవాణ్ణి. ఇంట్లో ఆపా మొహం చూసి కూడా ఒక్క లఫ్జ్ మాట్లాడలేదు. అది వాళ్ళ జాత్‌పాత్, మనలో అలాంటివి లేవు అని క్లాసులో చెప్పింది కూడా నేనే.

లేవా? చాలా ఏళ్ళ తర్వాత ఒక వార్తాకథనం కోసం ఫతావా ఆలంగీరీ తిరగేశాను. ఔరంగజేబు కాలంలో ఉలమాలు కూర్చిన హనఫీ ఫిఖహ్ గ్రంథం అది. నికాహ్‌లో కుఫూ, అంటే వరుడు వధువుకి సరిజోడా కాదా అనే బాబ్‌లో పేషాల లెక్క ఉంది. హజ్జామ్, నేతగాడు, చెత్త ఊడ్చేవాడు, తోళ్ళు శుద్ధి చేసేవాడు, వీళ్ళు సరితూగని వాళ్ళ వరసలో ఉన్నారు. ఎవరికి సరితూగరు? బట్టల వర్తకుడికి, నాణాలు మార్చే సర్రాఫ్‌కి, అత్తార్‌కి. అత్తార్! మా దాదా ఆ కితాబ్ పేరైనా విన్నారో లేదో తెలియదు. ఆయన నోట వచ్చిన మాట మాత్రం మూడు వందల ఏళ్ళ నాటి ఫిఖహ్.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, ఫుఖహాలు దీన్ని ఉర్ఫ్, అంటే లోకాచారం మీద నిలబెట్టారు, ఖురాన్ ఆయత్ మీద కాదు. ఇమామ్ మాలిక్ దగ్గర సమానత అంటే ముఖ్యంగా దీన్‌లో సమానతే. అన్నిటికన్నా, సహీహ్ బుఖారీలోనే అబూ తైబా ఉన్నాడు. గులామ్, పేషా హిజామా. హుజూర్ (స) అతని చేత హిజామా చేయించుకుని కూలీ ఇప్పించారు, అతని మీద భారం తగ్గించమని యజమానులకి సిఫారసు చేశారు. పవిత్రమైన ఆ దేహాన్ని తాకిన చేతులు ఒక హజ్జామ్‌వి. ఇది మా మస్జిద్‌లో హిజామా క్యాంపు పెట్టినప్పుడు బయాన్‌లో చెబుతారు, రిష్తాల మాట వచ్చినప్పుడు చెప్పరు.

తమాషా ఏమిటంటే, 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన ముస్లిములకి నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం తెచ్చినప్పుడు ఆ పద్నాలుగు సమూహాల జాబితాలో అత్తరు సాయిబులు, అత్తరోళ్ళు ఉన్నారు. హజామ్, నాయి, నాయి ముస్లిం, నవీద్ కూడా ఉన్నారు. మా చిన్నాన్న కూతురి సీటు కోసం ఎమ్మార్వో ఆఫీసులో క్యూలో నిలబడ్డప్పుడు నా వెనక నిలబడింది ఆ ఉస్తాద్ తమ్ముడే. సలాం చేశాడు. నేనూ జవాబిచ్చాను. ఇంకేం మాట్లాడుకోలేదు.

ఈలోగా దాదా సందూక్ కథ ముగిసింది. దాన్ని ముగించింది చాంపో మాటే, వేషం మార్చుకుని వచ్చి. 1860ల ప్రాంతంలో ఇంగ్లీషులో ఆ మాట మాలిష్‌ని వదిలి తల కడగడానికి అంటుకుంది. 1903లో బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ దాన్ని పొడిగా పొట్లాల్లో అమ్మాడు, 1927లో ద్రవంగా సీసాలోకి దింపాడు. ఆ తర్వాత తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ షాంపూని సాషేల్లో పోశారు. ఆయన కొడుకు 1983లో తెచ్చిన చిక్ సాషేలు మా వీధి కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడాయి. కూలికెళ్ళే ఆడవాళ్ళు కుంకుళ్ళు నానబెట్టి పిసికే బాధ తప్పింది, అది చిన్న విషయం కాదు. కానీ సాషే ఎవరి మిజాజూ అడగదు. ఊళ్ళల్లో పుట్టిన పని, చేతుల్ని తీసేసి, నురగై ఊళ్ళకి తిరిగొచ్చింది.

పోయిన ఉర్సుకి కడప వెళ్ళినప్పుడు మామూ కొడుకు సెలూన్‌కి వెళ్ళాను. మామూ ఒక మూల కుర్చీలో ఉన్నారు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, కొడుకుని పక్కకి జరగమని తనే లేచారు. చేతులు వణుకుతున్నాయి, తల మీద పెట్టగానే వణుకు ఆగింది. వేళ్ళు వాసన చూసుకుని, ఏం నూనె రాస్తున్నావు బాబా అనడిగారు. ఆన్‌లైన్‌లో కొన్న ఖరీదైన సీసా పేరు చెప్పాను. "ఇసకో తేల్ బోల్తే క్యా? అట్ట వెనక చదువు, అందులో ఉండేది పారాఫిన్. తల పైపైన మెరుస్తుంది, లోపలికి దిగదు. మీ దాదా ఉంటే ఈ సీసా నీ నెత్తినే పగలగొట్టేవారు." ఇంటికెళ్ళి చూశాను. అట్ట మీద రోజ్‌మేరీ కొమ్మ బొమ్మ, వెనక చిన్న అక్షరాల్లో మొదటి పేరే మినరల్ ఆయిల్.

డొల్ల అరచేతులు టప్ టప్ మని తల మీద పడుతుండగా, వెనక నుంచి అడిగారు.

"ఆపా కైసీ హై?"

బాగుంది మామూ అన్నాను. ఇంకో నాలుగు దెబ్బలు వేసి, తువ్వాలు దులిపారు.