ఖరగ్‌పూర్ ప్రణాళిక: ఇల్లు, విద్యుత్తు, పర్యావరణం ఎవరి పరిధిలో?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఇంటి పట్టా, కరెంటు కనెక్షను, మురుగుకాలువ పూడికతీత వంటి ఏ అవసరానికైనా పౌరుడు ముందుగా తెలుసుకోవలసింది తాను నివసించే నేల ఎవరిదన్న విషయం. పురపాలక సంఘానిదైతే ఒక దారి, రైల్వేదైతే మరొక దారి. పట్టణం ఒకటే అయినా ప్రణాళికా పరిధులు వేరు. తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల గృహవసతి, విద్యుత్తు, పర్యావరణ సమస్యలన్నీ ఈ విభజనతోనే ముడిపడి ఉన్నాయి.

నేపథ్యం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంస్థ 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షనును, వర్క్‌షాపును నెలకొల్పింది. హౌరా నుండి వచ్చే మార్గం ఇక్కడే ముంబయి, చెన్నై దిశలుగా చీలుతుంది. చెన్నై మార్గం వెంబడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కార్మికులు, గుమాస్తాలు పెద్దసంఖ్యలో తరలివచ్చారు. 1951లో హిజ్లీ వద్ద దేశంలోని మొదటి ఐఐటీ ఏర్పడింది. పురపాలక సంఘం 1954లో ఆవిర్భవించింది. అంటే స్థానిక పాలన రావడానికి అర్ధశతాబ్దం ముందే రైల్వే ఇక్కడ ఇళ్లు, వీధులు, ఆస్పత్రి, నీటి సరఫరాలతో ఒక సంపూర్ణ పట్టణాన్ని నిర్మించింది. 2001 జనగణనలో సైతం రైల్వే సెటిల్మెంటును పట్టణం నుండి వేరుగా లెక్కించారు. 2011 జనగణన ప్రకారం పురపాలక సంఘ జనాభా 2 లక్షలు దాటింది.

జిల్లా ప్రణాళికా సంఘం

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 243జెడ్‌డి అధికరణాన్ని చేర్చింది. దీని ప్రకారం ప్రతి జిల్లాలోనూ ప్రణాళికా సంఘం ఉండాలి. పంచాయతీలు, పురపాలక సంఘాలు రూపొందించిన ప్రణాళికలను ఇది సమీకరించి జిల్లా మొత్తానికి ముసాయిదాను సిద్ధం చేయాలి. భూవినియోగం, నీరు తదితర ప్రకృతి వనరుల పంపకం, మౌలిక సదుపాయాల సమగ్రాభివృద్ధి, పర్యావరణ పరిరక్షణ అనే ఉమ్మడి అంశాలను దృష్టిలో ఉంచుకోవాలి. సభ్యులలో కనీసం అయిదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థల ఎన్నికైన ప్రతినిధుల నుండే ఎన్నిక కావాలి. పశ్చిమ బెంగాల్ ఇందుకోసం 1994లో ప్రత్యేక చట్టం చేసింది. మేదినీపుర్ జిల్లా 2002 జనవరి 1న విభజన పొందిన నాటి నుండి ఖరగ్‌పూర్ పశ్చిమ మేదినీపుర్ జిల్లాలో ఉంది.

ఇక్కడే ఒక లోటు కనిపిస్తుంది. సంఘం సమీకరించేది పంచాయతీల, పురపాలక సంఘాల ప్రణాళికలను మాత్రమే. రైల్వే ఈ రెండింటిలోనూ చేరదు. పట్టణం నడిబొడ్డున విస్తారమైన భూమి కలిగిన సంస్థ ప్రణాళిక జిల్లా ముసాయిదాలో తప్పనిసరి భాగం కాదు. అయితే గవర్నరు ఉత్తర్వు ద్వారా నిర్దేశించిన సంస్థలను సంఘం సంప్రదించాలని అదే అధికరణం చెబుతోంది. రైల్వేను చర్చలోకి తేగల రాజ్యాంగబద్ధమైన మార్గం ఇది.

పట్టణంలో మూడు పరిధులు

మొదటిది పురపాలక సంఘం. 1993 నాటి రాష్ట్ర పురపాలక చట్టం కింద ఇంటి ప్లాను అనుమతులు, పారిశుధ్యం, వీధి దీపాలు దీని బాధ్యత. రెండవది మేదినీపుర్ ఖరగ్‌పూర్ అభివృద్ధి సంస్థ. 1979 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం కింద ఇటువంటి సంస్థలు భూవినియోగ పటాలను రూపొందించి, ముసాయిదాను ప్రకటించి, ప్రజల అభ్యంతరాలను స్వీకరించాలి. మూడవది రైల్వే. రైల్వే నిర్మాణానికి, నిర్వహణకు అవసరమైన పనులను ఇతర చట్టాలతో నిమిత్తం లేకుండా చేపట్టే అధికారాన్ని 1989 రైల్వే చట్టంలోని 11వ సెక్షన్ ఇచ్చింది. కేంద్రం నోటిఫికేషన్ ద్వారా ప్రకటిస్తే తప్ప రైల్వే స్థానిక సంస్థకు పన్ను కట్టనవసరం లేదని 184వ సెక్షన్ పేర్కొంటోంది. ఫలితంగా రైల్వే వార్డుల ఓటర్లు కౌన్సిలరును ఎన్నుకుంటారు గాని, వారి వీధిలో పని చేయించడానికి ఆ కౌన్సిలరుకు భూమిపై హక్కు గాని, తగిన రాబడి గాని ఉండదు.

గృహవసతి

రైల్వే క్వార్టరు ఉద్యోగంతో వస్తుంది, పదవీ విరమణతో పోతుంది. నియమాలు అనుమతించిన కొద్ది నెలలలోగా దానిని ఖాళీ చేయాలి. తాత ముత్తాతల నుండి ఖరగ్‌పూర్‌లోనే ఉన్నా సొంత నేల లేని కుటుంబాలకు ఇదే పెద్ద గండం. కొందరు పట్టణంలోనే స్థలం కొనుక్కొని స్థిరపడగా, మరికొందరు రైల్వే భూముల్లోని బస్తీలకు చేరారు.

2015 జూన్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో లబ్ధిదారు స్వయంగా ఇల్లు కట్టుకొనే పద్ధతికి సొంత స్థలం అవసరం. 2024లో కేంద్రం ఆమోదించిన రెండవ దశలోనూ ఆ పద్ధతికి ఇదే షరతు. కనుక రైల్వే భూమిలోని గుడిసెకు ఈ సాయం అందదు.

ఖాళీ చేయించే ప్రక్రియకు 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం వర్తిస్తుంది. ఎస్టేట్ ఆఫీసరు కారణం చూపమని లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి, వాదన వినాలి. ఖాళీ చేయాలన్న ఉత్తర్వు వెలువడిన 12 రోజుల లోపు జిల్లా జడ్జి వద్ద అప్పీలు చేసుకోవచ్చు. గడువు స్వల్పం కాబట్టి నోటీసు అందిన రోజునే న్యాయసహాయం కోరడం మేలు. ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో రైల్వే భూమి నుండి వేలాది మందిని తొలగించాలన్న హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2023 జనవరి 5న నిలిపివేసింది. 2024 జూలైలో పునరావాస పథకం రూపొందించాలని సూచించింది. రైల్వే అవసరాన్ని, నివాసుల గతిని కలిపి చూడాలన్నదే అందులోని సారాంశం.

విద్యుత్తు

పట్టణానికి రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ కరెంటు సరఫరా చేస్తుంది. క్వార్టర్ల వ్యవస్థను రైల్వే నిర్వహిస్తుంది. 2003 విద్యుత్ చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని మాత్రమే కాక, ఆవరణలో నివసించే వ్యక్తి కూడా కనెక్షను కోరవచ్చు. అయితే స్తంభాలు, తీగలు రైల్వే నేల మీదుగా పోవలసి వస్తే రైల్వే అనుమతి కావాలి. చట్టం ఇచ్చిన హక్కు ఆచరణలో ఆగేది ఇక్కడే.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కోటి ఇళ్లపై సౌరఫలకాలను లక్ష్యంగా పెట్టుకుంది. 3 కిలోవాట్లు, ఆపై సామర్థ్యానికి గరిష్ఠంగా రూ. 78,000 కేంద్ర సాయం లభిస్తుంది. దీనికి కావలసింది సొంత పైకప్పు. రైల్వే మాత్రం 2030 నాటికి నికర శూన్య కర్బన ఉద్గారాల స్థాయిని చేరాలని లక్ష్యం నిర్దేశించుకుంది. ఆ లక్ష్యంలో కాలనీల పైకప్పులకు చోటు దొరికితే క్వార్టర్లలోని కుటుంబాలకు కూడా ప్రయోజనం చేకూరుతుంది.

పర్యావరణం

ఖరగ్‌పూర్‌ది ఎర్రని లాటరైట్ నేల. వేసవిలో నీటి ఎద్దడి ఇక్కడ కొత్త కాదు. ఖరగ్‌పూర్, మేదినీపుర్ పట్టణాల మధ్య ప్రవహించే కంసావతి నది రెండింటికీ ముఖ్యమైన ఆధారం. నీటి పంపకం జిల్లా స్థాయిలోనే తేలవలసిన విషయం.

పరిసరాలలోని ఇనుము, స్పాంజ్ ఐరన్ కర్మాగారాల పొగ, ధూళి మరొక సమస్య. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో రాష్ట్రం నుండి కోల్‌కతా, హౌరా, అసన్‌సోల్, దుర్గాపూర్, బారక్‌పూర్, హల్దియా, రాణీగంజ్ ఉన్నాయి. ఖరగ్‌పూర్ లేదు. అందువల్ల ఆ కార్యక్రమం నిధులు, గడువులతో కూడిన నగర ప్రణాళిక ఇక్కడికి వర్తించదు. చెత్త విషయంలో పరిస్థితి కొంత స్పష్టం. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు రైల్వే అధీనంలోని ప్రాంతాలను కూడా పేరు పెట్టి చేర్చాయి.

నోటీసు ఏ భాషలో?

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఖరగ్‌పూర్‌లో ప్రాంతీయ భాష అంటే బెంగాలీ. బెంగాలీ మాట్లాడగలిగినా చదవడం రాని తెలుగు పెద్దలకు ఆ ప్రకటన అందనట్లే. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. భూవినియోగ ముసాయిదా, విచారణ ప్రకటన, ఖాళీ నోటీసు తెలుగులో కూడా వెలువడినప్పుడే ఆ హోదాకు పట్టణ జీవితంలో అర్థం ఏర్పడుతుంది.

ఎవరిని ఆశ్రయించాలి?

• పురపాలక పరిధిలో ఇంటి అనుమతి, చెత్త, వీధి దీపాలు: పురపాలక సంఘం.
• భూవినియోగ ముసాయిదాపై అభ్యంతరం: అభివృద్ధి సంస్థ.
• క్వార్టరు, రైల్వే భూమి, రైల్వే వీధులు: డివిజనల్ రైల్వే మేనేజరు కార్యాలయం.
• ఖాళీ నోటీసు: ఎస్టేట్ ఆఫీసరు, ఆపై జిల్లా జడ్జి.
• పరిశ్రమల కాలుష్యం: రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి.
• పరిధుల మధ్య నలిగే నీరు, మురుగు, రహదారి: వార్డు కౌన్సిలరు ద్వారా జిల్లా ప్రణాళికా సంఘం.

ఈ జాబితాలో చివరి అంశమే కీలకం. మురుగు, పొగ, దాహం రైల్వే హద్దురాయి వద్ద ఆగవు. ప్రణాళిక మాత్రం అక్కడ ఆగుతోంది.