క్లీనర్ చెయ్యి, సైడు అద్దం

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి వచ్చే రోజుల్లో నందవరం, ఎమ్మిగనూరు వైపు దారుల్లో ఎటు చూసినా బోరాల బండ్లే. బోరాలు అంచులు దాటి రెండు పక్కలా పొట్టల్లా ఉబ్బి ఉంటాయి. డ్రైవరు సైడు అద్దంలోకి చూస్తే గోనెపట్టా తప్ప ఏమీ కనబడదు.

వెనకటి లారీల్లో ఆ లోటు తీర్చింది క్లీనర్. కిందికి దిగి, బాడీని అరచేత్తో చరుస్తూ ‘రానీ, రానీ’ అంటుంటే డ్రైవరు ఆ చప్పుడును నమ్మి వెనక్కి నడిపేవాడు. లారీ వెనక ‘సౌండ్ హారన్’ రాతకూ అర్థం అదే: నువ్వు కనబడవు, వినబడు.

కంపెనీల నుంచి చాలా లారీలు ఒట్టి ఛాసిస్‌గానే వచ్చేవి. క్యాబిన్, బాడీ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కట్టించేవారు. అద్దం బిగించడమూ అక్కడి పనే. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు బండి నిలబెట్టేనాటికి అద్దం ఉండాలి, అంతే. ఉండడం వేరు, అందులో దారి కనబడడం వేరు.

ఈ తేడా గుర్తించడానికి ప్రపంచానికీ చాలా కాలమే పట్టింది. 1909లో ఇంగ్లండులో కారు పందేల డ్రైవరు డొరొతీ లెవిట్ తన పుస్తకంలో, కారు నడిపే స్త్రీలు చేతి అద్దం వెంట ఉంచుకుని, అప్పుడప్పుడు ఎత్తి వెనక్కి చూసుకోవాలని చెప్పింది. అమెరికా అద్దాలకు సమాఖ్య ప్రమాణం పెట్టింది 1968లో.

మన దేశంలో 1914లో ఒక మోటారు వాహనాల చట్టం, 1939లో మరొకటి వచ్చాయి. 1988 నాటి చట్టం 1989 జూలై 1 నుంచి అమలైంది. ఆ తర్వాత వచ్చిన వాహన ప్రమాణాల్లో ఏఐఎస్-001 అద్దం ఎలా ఉండాలో, ఏఐఎస్-002 దాన్ని ఎలా బిగించాలో నిర్ణయించాయి. కొత్త మోడల్ అమ్మకానికి ముందు పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల్లో పరీక్షకు నిలవాలి. అయినా చౌక రకం కార్లు చాలా ఏళ్లు బయట కుడిపక్క అద్దంతోనే వచ్చాయి. ఎడమది కొన్నవాళ్లే షాపులో వేయించుకునేవారు. ప్రాణానికి సంబంధించిన వస్తువును అదనపు సోకుగా అమ్మడం అన్యాయం.

2019 సవరణతో లోపమున్న బండ్లను వెనక్కి రప్పించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. తయారీదారు నిబంధనలు పాటించకపోతే జరిమానా 100 కోట్ల దాకా ఉండొచ్చు. ముప్పై ఏళ్ల ముందే రావలసిన సెక్షన్లివి.

ఇంతా చేసి, పత్తి మోసే ట్రాక్టరు ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, దాని వెనక ట్రాలీ చాలాచోట్ల ఊళ్లోని వెల్డింగు షాపులో తయారవుతుంది. పరీక్షలన్నీ దాటివచ్చిన అద్దానికి కూడా ఆ ట్రాలీ మీది బోరాలు అడ్డమే. అందుకే పైన కూర్చున్న కూలీ మనిషి ఇప్పటికీ ముందుకు వంగి కేకేస్తాడు: “యన్నా, పక్కకు తియ్యి, ఎనక బస్సొస్తాంది!”