రుజువు భారం ఎవరి మీద?

రాష్ట్ర న్యాయశాఖ చరిత్ర రాయబోయినవాళ్లు అడ్వకేట్ జనరల్ పదవి, 1954లో గుంటూరు హైకోర్టు, 2019లో అమరావతి హైకోర్టు అంటూ చెప్పి ముగిస్తారు. టెక్కలి, పలాస, సోంపేట కోర్టుల చుట్టూ తిరిగే కక్షిదారు ఊసు అందులో ఉండదు.

ఆ కోర్టుల ప్రాంతం కథ గంజాం జిల్లా రోజులనాటిది. 1839 చట్టం మన్యాన్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదని 1917 చట్టం చెప్పింది. 1948 చట్టంతో మందస వంటి జమీందారీలు పోయాయి.

అసలు పేచీ 1970 దగ్గర. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులను 1968లో కోర్టు వదిలేసింది. తర్వాత చెలరేగిన ఉద్యమమే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్‌ని, అంటే 'వన్ ఆఫ్ సెవెంటీ'ని తెచ్చిందని అందరూ అంటారు. కాదనలేం. అయితే అది సగం మాటే. గిరిజన భూముల బదిలీ మీద 1959 నాటి రెగ్యులేషన్ అప్పటికే ఉంది, దానికి నియమాలు రావడానికే పదేళ్లు పట్టింది! 1970 సవరణ బలం దాని ముసాయిదాలో ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలోని భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినట్టే లెక్క. పట్టా చూపలేని సవర గిరిజన రైతు మెడ మీది రుజువు భారం ఎదుటివాడి మీదికి మళ్లింది. గిరిజనేతరుల మధ్య అమ్మకాలూ ఆగాయి. ఉద్యమం ఒత్తిడి తేగలదు గాని, ఇలాంటి వాక్యం కూర్చడం, దాన్ని కోర్టులో నిలబెట్టడం ప్రభుత్వ న్యాయవాదుల పని. 1988లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

అలాగని మురిసిపోవడానికీ లేదు. మందస, మెళియాపుట్టి కొండల్లోని ఎన్నో సవర ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతం బయటే ఉండిపోయాయి. ఆ రక్షణ వాళ్లకు వర్తించదు.

నేటి ఏర్పాటు చూస్తే, న్యాయశాఖ కార్యదర్శి జిల్లా జడ్జి హోదా నుంచి వస్తారు. జిల్లాల్లోని ప్రభుత్వ ప్లీడర్లను 2000 నాటి ఉత్తర్వుల ప్రకారం నియమిస్తారు. మేజిస్ట్రేటు కోర్టుల అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లేమో హోంశాఖ కింద. సర్కారు మారితే ప్లీడర్లూ మారతారు. ఫైలు తెలిసిన మనిషి వెళ్లిపోయాక కేసు మళ్లీ మొదటికొస్తుంది.

న్యాయ సలహా ముందే అందకపోతే ఏమవుతుందో సోంపేట చూపింది. అక్కడి బీలలో థర్మల్ ప్లాంటుకు భూమి కేటాయిస్తున్నప్పుడు, అది చిత్తడి నేలా కాదా అన్న ప్రశ్న సచివాలయంలోనే లేవాలి. రైతులు లేవనెత్తారు. 2010 జులై 14న అక్కడ కాల్పులు జరిగాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది.